సముద్రానికి పంపిన కొడవలి

అదే చెబుతున్నాను, సత్యమూర్తికి పొలాలున్నాయని మొన్న అన్నాను చూడండి, ఆ మాట కొట్టేయండి. పొలాల్లేవు, గట్లు లేవు, ఇప్పుడు కాళ్ళ కింద ఇసుక కూడా లేదట. నేనేం అబద్ధం చెప్పలేదు. మాసే చెప్పింది నేను చెప్పాను. మాసేకి ఆమె చెవులు చెప్పాయి. మధ్యలో ఒక్క మాట అడ్డం తిరిగింది, అంతే. ఏంటీ, మొన్న మీరు లేరా? సరే, మొదటినుంచీ చెబుతాను. నాకేం పని? రిటైరైన మాస్టారి మాట కోసం చెట్టు మీద కాకులు కూడా ఆగవు.

మాసే మా ఎర్రబోరు వారపు బజారులో ఎండు చేపలమ్మే మనిషి. దోర్లా తెగ ఆవిడ. వయసెంత అని అడిగితే "కార్డు వయసా, నా వయసా?" అని ఎదురడుగుతుంది. కార్డులో ఆమె జనవరి ఒకటిన పుట్టింది. మా చుట్టుపక్కల సగం మంది జనవరి ఒకటినే పుట్టారు. ఆ రోజున మంత్రసానులకి ఊపిరాడి ఉండదు పాపం. ఆమె సొంత లెక్కలో అయితే, కోంటా నుంచి ఇటు తారు రోడ్డు పడినప్పటికే ఇద్దరు పిల్లల తల్లి.

వర్షాకాలం పొలం, ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు. మిగతా రోజులు కడుపుకి సెలవిచ్చే అలవాటు లేదు కనుక చేపలు మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళయింది. కాకినాడ అవతల ఎక్కడో సముద్రపు ఒడ్డున ఉండే సత్యమూర్తి నెత్తళ్ళు, ఎండురొయ్యలు బస్తాలో కుట్టి బస్సెక్కిస్తాడు. ఆ బస్సు ఘాటీ ఎక్కి దిగి చింతూరు మీదుగా కోంటా చేరుతుంది. కోంటాలో ఆమె మొగుడు లక్మా ఆ బస్తాని జీపు మీదకి ఎక్కిస్తాడు. అంతవరకే లక్మా ఉద్యోగం. ఆ మాత్రానికే కల్లు దగ్గర కూర్చుని "మాది సముద్రం వ్యాపారం" అంటాడు. ఇద్దరిలో ఒక్కరూ సముద్రాన్ని చూడలేదు.

ఒకసారి మాసే నన్ను అడిగింది.

"సముద్రం ఎంతుంటది గురూజీ? మన శబరి అంత ఉంటదా?"

నేను స్కూలు టూరులో ఒక్కసారి చూసినవాణ్ణి, ఆ ఒక్కసారితో ఊళ్ళో సముద్ర నిపుణుణ్ణి. "అవతలి ఒడ్డు కనపడదు మాసే" అన్నాను గొప్పగా.

"మరి అవతలి ఒడ్డు బజారుకి ఎట్ల పోతరు?"

నేను వంగి నెత్తళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టాను.

సముద్రాన్ని చూడకపోయినా ఆమెకి దాని రుచి తెలుసు. బస్తా విప్పగానే ఒక నెత్తల్ని తీసి తోక కొరికి, కళ్ళు మూసుకుని, "ఇది మూడెండల చేప" అంటుంది. మూడు రోజులు బాగా ఎండిందని. "ఎండన్నర" అంటే పక్కన పడేస్తుంది. తడి గాలిలో ఎండిందా, మధ్యలో వాన తగిలిందా, పొగ పెట్టి మోసం చేశారా, అన్నీ ఆ తోకే చెబుతుంది. వాతావరణం చూసేవాళ్ళకి పైన ఉపగ్రహాలున్నాయి. మాసేకి నాలుక ఉంది. నాలుక బడ్జెట్టు అడగదు కనుక ఆమె మాట ఎవరూ రాసుకోలేదు.

రాసుకుని ఉంటే బాగుండేది. నాలుగైదేళ్ళ నుంచీ ఆమె ఒకటే గొణుగుడు. "చేపకి ఎండ తగ్గుతున్నది. ఆ ఊళ్ళ సూర్యుడు ఏమైండు?" రెండేళ్ళ కిందట ఇంకొకటి గమనించింది. చేపల్లో ఇసుక రావడం లేదు. అంతకు ముందు పళ్ళ కింద కరకరలాడేది, కొన్నవాళ్ళు తిట్టుకుంటూ తినేవాళ్ళు. ఇసుక రాకపోయేసరికి బజారంతా సత్యమూర్తిని మెచ్చుకుంది. శుభ్రత నేర్చుకున్నాడన్నారు. "స్వచ్ఛతా అభియాన్ సముద్రం దాకా పోయింది" అని నేనే అన్నాను, నలుగురూ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు కుంచించుకుపోతోంది. ఇసుక ఎందుకు రాలేదో ఆ రోజు ఒక్కరమూ అడగలేదు.

అడగటానికి ఒక అవకాశం వచ్చింది కూడా. పంచాయతీ భవనంలో 'జలవాయు పరివర్తన్' శిబిరం పెట్టారు, అంటే వాతావరణ మార్పు మీద. బ్యానరు, మైకు, పైనుంచి వచ్చిన ఒక సాహెబు. ఆయన హిందీని నేను తెలుగులోకీ దోర్లీలోకీ మార్చాలి. తెర మీద దేశపటం వేసి సముద్రం చుట్టూ ఎర్రగీత గీశారు. ఇక్కడ నీళ్ళు పెరుగుతున్నాయి, ఇక్కడ ఒడ్డు పోతోంది, ఇక్కడ తుఫాన్లు ఎక్కువయ్యాయి అన్నారు. చివరికి సాహెబు చిరునవ్వుతో, "మన రాష్ట్రానికి సముద్ర తీరమే లేదు, కాబట్టి ఆ చింత మనకి లేదు. తాలియా!" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. సముద్రం లేనందుకు జనం చప్పట్లు కొట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

మాసే వెనక నుంచి లేచింది. "నా చేపకి ఎండెందుకు తగ్గిందో అడుగు గురూజీ."

అడిగాను. సాహెబు "చేప మత్స్య విభాగ్ వాళ్ళది. ఎండ మౌసమ్ విభాగ్ వాళ్ళది. మేం జలవాయు" అన్నారు. న్యాయమే మరి. ఎండలో ఎండుతున్న చేప ఎవరి ఫైలులోకి వస్తుంది? మనిషికో టేకు మొక్క ఇచ్చి పంపారు. మాసే తెచ్చుకున్న పరిష్కారాన్ని సాయంత్రానికల్లా ఆమె మేక తినేసింది.

ఇక మొన్న మొన్నటి సంగతి. చేప రావాల్సిన వారం రాలేదు. కోంటా షాపుల్లో అడిగితే వాళ్ళకీ ఆ ఒడ్డు నుంచే రావాలి, వాళ్ళకీ లేదు. మాసే బజారుకి ఉత్త గంప పట్టుకొచ్చింది. మా బజారులో ఒక కట్టు ఉంది. మూడు బజార్లు వరసగా సరుకు పరవకపోతే ఆ జాగా మీది కాదు, ఎవరైనా గోనె పరుచుకోవచ్చు. మనిషి వచ్చి కూర్చుంటే చాలదు, సరుకుండాలి. పోనీ చింతపండు పరుస్తానంటే చింతపండు వరస వేరే, కాలవ పక్కన. చేపల జాగాలో చేపే ఉండాలి. చింతచెట్టు నీడలో, కొండ ఊళ్ళ నుంచి దిగేవాళ్ళ కాళ్ళకి మొదట తగిలే జాగా అది. ముప్పై ఏళ్ళుగా అక్కడికొచ్చేవాళ్ళు "చేపలెక్కడ" అని అడగరు, కళ్ళు మూసుకుని అక్కడే ఆగుతారు. ఆ జాగా పోతే మాసే కాలవ చివర కూర్చోవాలి, అక్కడికి కుక్కలు తప్ప ఎవరూ పోరు.

పక్కన ముకేష్ ఉన్నాడు. చిప్స్ ప్యాకెట్లు, ఫోన్ రీఛార్జి. చిప్స్ ఏ వరసలోకి వస్తాయో పెద్దలెవరికీ తెలీదు. కట్టు పుట్టినప్పుడు చిప్స్ పుట్టలేదు, కాబట్టి అవి ఎక్కడైనా కూర్చోవచ్చు. మంచి కుర్రాడే, మాసేకి ఫోన్ కలిపిపెట్టేదీ అతనే. కలుపుతూనే తన గొడుగు ఆ నీడలో సరిగ్గా పడుతుందా లేదా అని కంటితో కొలుస్తుంటాడు.

"అవ్వా, స్పీకర్ పెట్టిన, మాట్లాడు" అన్నాడు.

"సత్యమూర్తీ, నేను మాసేని. చేపేదయ్యా?"

అటునుంచి గాలి హోరు. దాని మధ్యలోంచి సత్యమూర్తి గొంతు.

"చేపేంటమ్మా, మాకు కోత మొదలైంది! ఈ ఏడు కోత మామూలుగా లేదు."

"అట్లనా! కోతనా!"

"కల్లం మొత్తం ఊడ్చేసిందమ్మా. ఊరంతా అక్కడే ఉన్నాం, రాత్రనక పగలనక. కాస్త ఆగండి, మళ్ళీ చెప్తాను."

లైను తెగిపోయింది. మాసే ముఖం చూడాలి మీరు. సగం సంతోషం, సగం అలక.

"ఇన్నవా గురూజీ? కోత పడ్డదంట. కల్లం ఊడ్చిన్రంట. అంత పంట! ముప్పై ఏండ్ల సంది పేదోని లెక్క నాకు చేపలమ్ముకుంట, పొలాలున్నయని ఒక్క మాటన్న చెప్పిండా?"

"పొలమున్నోనికి చేప వాసనెందుకు?" అన్నాడు లక్మా.

"నువ్వు నోర్ముయ్. నీకు పొలముండీ కల్లు వాసనే గదా."

మా ఊళ్ళో అప్పుడే వరికోతలు. అకాలపు వానకి కోసిన పనలు తడిసి మొలకెత్తుతుంటే అందరం తిప్పలు పడుతున్నాం. కోతలో మనిషికి తీరికుండదని మాసేకి వేరే చెప్పాలా? కోపం పోయి జాలి వచ్చింది. "పోనీలే, కోత కానీ. అయినంక చేప పంపుతడు" అంది. రెండో బజారు కూడా ఉత్త గంపతో అలాగే గడిచింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మాసే ఆగే మనిషా? తమవాళ్ళింట కోత పడితే పోయి ఒక పూటైనా కోసి రావడం వాళ్ళలో పద్ధతి. పోలేనివాళ్ళు కొత్త కొడవలి పంపుతారు. కమ్మరి సుక్కా దగ్గర కూర్చుని మరీ కొడవలి చేయించింది. పళ్ళు పదును, పిడి తునికి కర్ర. గుడ్డలో చుట్టి నా ముందు పెట్టి, "ఒక చిట్టీ రాయి గురూజీ, మంచిగ రాయి" అంది.

మంచిగా రాయమంటే నేను ఊరుకుంటానా! ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత కాపీ రాయించిన చెయ్యి ఇది. ఎర్ర సిరా తీసి, గుండ్రంగా, ఒక్క అక్షరదోషం లేకుండా ఇలా రాశాను:

"సత్యమూర్తి గారికి, మీ ఊళ్ళో కోత నిర్విఘ్నంగా సాగాలనీ, ఏటేటా ఇలాగే రెట్టింపు కావాలనీ కోరుకుంటూ, ఈ చిన్న కానుక. ఇట్లు మాసే, ఎర్రబోరు."

కింద నా ఫోన్ నంబరు. ఆ నంబరు రాసినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. లక్మా దాన్ని కోంటాలో బస్సు డ్రైవరు చేతికిచ్చాడు.

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫోన్ మోగింది.

"మాస్టారేనాండీ?"

"ఆఁ ఆఁ, నేనే! సత్యమూర్తి గారేనా? చెప్పండి చెప్పండి, కోత ఎలా సాగుతోంది?"

అటునుంచి గాలి హోరు ఒక్కటే.

"ఏంటండీ, వేళాకోళమా?" అన్నాడు. "చదువుకున్నోరు కదండీ మీరు. మొన్న పొద్దుట మా పెద్దన్నయ్య ఇంటి గోడ పడిపోయింది. మధ్యాహ్నానికి మీ కొడవలొచ్చింది. రెట్టింపు కావాలని రాశారు. రెట్టింపవటానికి ఇంకా ఏం మిగిలిందండీ ఇక్కడ?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "గోడ పడితే... కోతకీ గోడకీ..."

"సముద్రం కోత మాస్టారూ! ఒడ్డు కోసేస్తోంది! మీ ఊళ్ళో దాన్నేమంటారో నాకు తెలీదు, మేం కోతే అంటాం. చేపలెండేసే కల్లం మొత్తం కెరటం ఊడ్చుకుపోయింది. రెండేళ్ళ నుంచీ ఇసుకే లేక డాబాల మీద, రోడ్డు మీద పరదాలేసి ఎండబెడుతున్నాం. పరదా పరిస్తే వాన, వాన తెరిపిచ్చేలోపు కెరటం. వేటకెళ్తే పడ్డ కాసిని చేపలూ కుళ్ళబెట్టి పారబోస్తున్నాం. మీరేమో కొడవలి పంపారు. దేన్ని కొయ్యమంటారు? కెరటాన్నా?"

ఏదో అన్నాను. ఏమన్నానో నాకే తెలీదు. తెలుగు పాఠం చెప్పి బతికినవాణ్ణి, ఒక్క తెలుగు మాటకి పడిపోయాను. ఆయన పెట్టేశాడు.

ఇసుక రాకపోతే శుభ్రత అని నవ్వాం. కల్లం ఊడ్చిందంటే పంట అన్నాం. పైగా రెట్టింపు కావాలని దీవించాను, ఎర్ర సిరాతో. నాకు తగిన శాస్తే జరిగింది. దాని సంగతి అలా ఉంచండి, మాసేకి చేప పంపే మనిషి ఆయనొక్కడే. ఆయన మనసు విరిగితే, ఇంకో బజారు గడిస్తే, ఆమె పోయి కాలవ చివర కూర్చోవాలి.

చెప్పక తప్పదు కదా, ఇవాళ పొద్దున్నే పోయి చెప్పాను. మాసే ఇంటి వెనక బండ మీద కూర్చుని వడ్లు ఆరబోస్తోంది. అంతా విని కొడవలి ఊసెత్తకుండా అడిగింది.

"ఇల్లు పోయిందా ఆయనది?"

"వాళ్ళ అన్నయ్యది పోయింది. ఆయనది..."

"పిల్లలేడ ఉన్నరంట?"

"అడగలేదు మాసే."

"తిన్నరా?"

"అదీ అడగలేదు."

"నువ్వేం గురూజీవయ్యా! మరి అంతసేపు ఫోన్ల ఏం మాట్లాడినవ్?"

ఆమె వడ్లని కాలితో కలియతిప్పింది.

"అందుకేనా ఇసుక రాలే" అంది. "నేను సూర్యుణ్ణి తిడుతున్న. పాపం సూర్యుడు ఏం జేస్తడు, పరిచే జాగనే లేకుంటే." మళ్ళీ తనే అంది, "చేప దొరుకుతున్నదా ఆయనకి?"

"కొంచెం దొరుకుతోందట. ఎండబెట్టే చోటు లేక పారబోస్తున్నారట."

మాసే చుట్టూ చూసింది. ఆ బండ మీరు చూడలేదు, ఏనుగులు పడుకున్నట్టుంటుంది. ఫాల్గుణంలో ఊరి ఇప్పపువ్వంతా దాని మీదే ఎండుతుంది. మిగతా కాలమంతా మేకలు ఎక్కి దిగడానికి తప్ప దేనికీ పనికిరాదు.

"వడ్లు రేపటికి ఎత్తేస్త. బండ ఖాళీ. ఎండ నెత్తి మీద పడుతున్నది. పచ్చి చేపనే ఉప్పు కొట్టి పంపమను గురూజీ. ఈడ నేను ఎండబెట్టుకుంట."

"పచ్చి చేపా? బస్సులోనా? రాత్రంతా ఘాటీలో? జనం దిగి పారిపోతారు మాసే."

"పారిపోనీ. సీట్లు ఖాళీ అయితయ్, బస్తాలు కూసుంటయ్."

ముకేష్ కూడా అక్కడే ఉన్నాడు, ఊళ్ళో రీఛార్జులు చేసుకుంటూ వచ్చాడు. వేళ్ళు మడిచాడు. "అవ్వా, ఈ రాత్రి బస్సెక్కితే రేపు పొద్దుగాల కోంటా. రేపు, ఎల్లుండి రెండు రోజులు. ఆ మర్నాడే మూడో బజారు. రెండు రోజుల్ల ఎండుతదా?"

"రెండెండల చేప ఎవరన్న తెస్తే నేను కొనను" అంది మాసే. "కానీ అమ్ముత. తినేటోళ్ళకి చెప్పే అమ్ముత, రెండెండలదే, తొందరగ తినున్రి అని."

"నియమ్ అంటే నియమ్ గదా గురూజీ. సరుకు పరిస్తే జాగా ఈ అవ్వదే. లేకుంటే మాత్రం నేనే పరుస్త, మళ్ళ నన్ననొద్దు" అన్నాడు ముకేష్. కొంచెం సిగ్గుపడుతూనే అన్నాడు. ఆ మాత్రం సిగ్గు పైనుంచి వచ్చిన సాహెబులో కూడా చూడలేదు నేను.

మధ్యలో ఇంకో అకాలపు వాన పడిందా, సంగతి వేరు. ఈమధ్య మా వడ్లకి పట్టిన గతే ఆ చేపలకి పడుతుంది. మా ఎండని కూడా ఇప్పుడు నమ్మడానికి లేదు. అయినా సముద్రం లేని రాష్ట్రం కదా మాది, ఏ చింతా లేదని చప్పట్లు కొట్టినవాళ్ళం. సముద్రపు చేపలు ఎండాలంటే ఇప్పుడు మా బండే దిక్కయ్యేట్టుంది. ఆ సాహెబు మళ్ళీ వస్తే అడుగుతాను, బండ ఏ విభాగ్ కిందికి వస్తుందని.

మాసే నన్ను గుమ్మం దాకా తరిమింది. "ముందు పిల్లల సంగతి అడుగు. గోడ పడ్డప్పుడు ఎవరికన్న దెబ్బ తగిలిందా అడుగు. అది అడిగినంకనే చేప. వాళ్ళకి చోటు లేకుంటే ఈడ మా సార పాక ఖాళీగనే ఉందని చెప్పు. కొడవలి ఉంచుకోమను, వాపసు పంపొద్దని చెప్పు."

"ఇంత చెప్పేలోపు పెట్టేస్తాడు మాసే."

"మళ్ళ చెయ్. నీకు పెన్షనొస్తది గదా, ఫోన్ల డబ్బులేస్తవ్ గదా."

సత్యమూర్తి బస్తా ఎక్కించే బస్సు సాయంత్రం ఆరింటికి బయలుదేరుతుంది. చేపకి ఉప్పు కొట్టి బస్తా కట్టాలంటే మధ్యాహ్నంలోపు ఆయనకి తెలియాలి. ఇప్పుడు తొమ్మిదిన్నర. నిన్నంతా ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాను, ధైర్యం చాలలేదు. ఇంట్లోంచి చేస్తే మాట తెగుతుంది, స్కూలు వెనక దిబ్బ ఎక్కితే టవరు సరిగ్గా అందుతుంది. అక్కడికే పోతున్నాను. ఎత్తగానే, ఆయన అరిచేలోపే, "సత్యమూర్తి గారూ, పిల్లలెక్కడున్నారండీ?" అని అడగాలి. ఎత్తకపోతే మళ్ళీ చేస్తాను.